బే ఏరియా ట్రెయిళ్లు, అక్కడి జంతువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సన్నీవేల్, కూపర్టినో, శాన్ హోసే, ఫ్రీమాంట్ తెలుగు గ్రూపుల్లో వారాంతం వచ్చిందంటే ట్రెయిళ్ల గురించి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. కుక్కని తీసుకెళ్లొచ్చా, చీకటి పడ్డాక ఉండొచ్చా, ఆ గేటుకి తాళం ఎందుకు, ఇలా. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కువ భాగం మిడ్‌పెనిన్సులా రీజినల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ సంస్థ భూముల గురించే. అందరూ దాన్ని మిడ్‌పెన్ అంటారు కాబట్టి నేనూ అలాగే రాశాను. ఈస్ట్ బే పార్కులు, స్టేట్ పార్కులు వచ్చినచోట వాటి పేరు చెప్పాను. రూల్స్ మారుతుంటాయి, వెళ్లే రోజు గేటు దగ్గర బోర్డు ఏం చెబితే అదే లెక్క.

## వెళ్లే ముందు

ఓపెన్ స్పేస్ ప్రిజర్వ్ అంటే పార్కే కదా, తేడా ఏంటి?

పార్కుని మనుషుల కోసం తయారుచేస్తారు. ప్రిజర్వ్‌లో ముందు నేల, నీళ్లు, జంతువులు, ఆ తర్వాతే మనం. లోయంతా ఇళ్లు, ఆఫీసులతో నిండిపోతుంటే కనీసం కొండలైనా మిగలాలని 1972లో శాంటా క్లారా కౌంటీ వాయవ్య భాగంలోని ఓటర్లు మిడ్‌పెన్‌ని ఏర్పాటు చేసుకున్నారు. 1976లో దక్షిణ శాన్ మటేయో కౌంటీ, 2004లో సముద్రతీరం వైపు ప్రాంతం కలిశాయి. ఇప్పుడు దాని చేతిలో సుమారు 70 వేల ఎకరాలు, దాదాపు 250 మైళ్ల ట్రెయిళ్లు ఉన్నాయి. టికెట్ లేదు, పార్కింగ్ ఫీజు లేదు. ఊయలలు, గ్రిల్లులు కూడా ఉండవు, మంచినీళ్ల కుళాయి దొరకడమూ అరుదే. చాలాచోట్ల ఉండేది మట్టి దారి, మ్యాపు బోర్డు, ఒక టాయిలెట్. "ఏమీ డెవలప్ చెయ్యలేదు" అని విసుక్కునేవాళ్లుంటారు. చెయ్యకుండా ఉంచడానికే కదా కొన్నది.

మేం కట్టే ప్రాపర్టీ టాక్స్‌తోనే నడుస్తుంది. మరి కొన్ని భూములకి తాళం ఎందుకు?

డబ్బు మనదే, నిజం. ప్రాపర్టీ టాక్స్‌లో చిన్న వాటా మిడ్‌పెన్‌కి వెళ్తుంది. 2014లో ఓటర్లు మెజర్ ఏఏ అనే ప్రతిపాదన కింద 30 కోట్ల డాలర్ల బాండ్లకి కూడా ఒప్పుకున్నారు. కానీ భూమి కొన్న మర్నాడే జనాన్ని పంపడం కుదరదు. పాత బావులు, కూలిపోతున్న కట్టడాలు, కొట్టుకుపోతున్న రోడ్లు ఉంటాయి. మౌంట్ ఉమునమ్ సంగతే చూడండి. ఆల్మడెన్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉన్న ఆ శిఖరం 1986లో మిడ్‌పెన్ చేతికొచ్చింది. రాడార్ టవర్ తప్ప విషపదార్థాలున్న పాత భవనాలు తీసి, శుభ్రం చేసి, 2017 సెప్టెంబరులో జనానికి తెరిచారు. మధ్యలో 31 ఏళ్లు!

అది తాత్కాలిక తాళం. శాశ్వతంగా మూసి ఉంచేవి వేరు: గూళ్లున్న గుట్టలు, కప్పలు గుడ్లు పెట్టే చెరువులు, గబ్బిలాలు ఉండే పాత కట్టడాలు. నన్నడిగితే ఈ రెండో రకం ఇంకొన్ని ఉండాలి. మనిషి అడుగు పడని చోటు కొంచెమైనా మిగలకపోతే మిగతా నియమాలన్నీ పెట్టి ప్రయోజనం తక్కువ.

మేం ఊరికే నడిచి వచ్చేస్తాం, ఏమీ ముట్టుకోం. దానికే జంతువులకి నష్టమా?

చాలామంది నమ్మలేని విషయం ఇది. సారా రీడ్, అడీనా మెరెన్‌లెండర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉత్తర కాలిఫోర్నియా ఓక్ అడవుల్లో 28 రక్షిత ప్రాంతాలని జతలు జతలుగా పోల్చి చూశారు. ప్రతి జతలో ఒకదానిలోకి నడకకీ సైకిళ్లకీ జనం వస్తారు, రెండోదానిలోకి రారు. దారుల్లో దొరికిన మలాన్ని సేకరించి, డీఎన్ఏ పరీక్షతో ఏ జంతువుదో తేల్చారు. జనం తిరిగేచోట బాబ్‌క్యాట్ (ఒక అడవి పిల్లి), కయోటీ (నక్కలాంటిది) లాంటి స్థానిక మాంసాహారుల సాంద్రత ఐదో వంతుకి పడిపోయింది. 2008లో వచ్చిన ఈ పరిశోధన తుపాకులు, మోటార్ బళ్ల గురించి కాదు, మనలాంటి నెమ్మదైన నడకరాయుళ్ల గురించే.

మీరొక్కరు వెళ్లినందుకు బాబ్‌క్యాట్ ఊరొదిలి పోదు. మీ తర్వాత పది నిమిషాలకి ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు, తెల్లారింది మొదలు సాయంత్రం దాకా వస్తూనే ఉంటే దానికి ఆ లోయలో వేటకి వేళ దొరకదు. అందుకే ప్లాన్ వేసేవాళ్లు "ఒక మనిషి వల్ల ఎంత నష్టం" అని కాకుండా "ఈ వాగు పక్కకి అసలు ట్రెయిల్ కావాలా" అని అడుగుతారు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. మెల్లగా నడవడానికి ఎక్కడికి తీసుకెళ్లాలి?

కేబీఆర్ పార్కులో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లినట్టు ఉండాలంటే రాంచో శాన్ ఆంటోనియో. పార్కింగ్ నుంచి డీర్ హాలో ఫామ్ దాకా సుమారు మైలు, పెద్దగా ఎత్తుపల్లాల్లేవు, స్ట్రోలర్ కూడా వెళ్తుంది. మేకలు, కోళ్లు, ఆవు కనిపిస్తాయి కాబట్టి పిల్లలకీ కాలక్షేపం. శని, ఆదివారాల్లో పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, వీలైతే వారం మధ్యలో రోజు చూసుకోండి. చల్లగా కొండ మీద కావాలంటే స్కైలైన్ రిడ్జ్‌లో ఆల్పైన్ పాండ్ చుట్టూ వీల్‌చెయిర్ వెళ్లే దారుంది. చదునుగా బే ఒడ్డున కావాలంటే రేవెన్స్‌వుడ్.

"అక్కడంతా రద్దీ, ఎవరూ వెళ్లని చోటు చెప్పండి" అని అడిగేవాళ్లూ ఉన్నారు. రద్దీ ఉన్నచోటికే వెళ్లడంలో తప్పేం లేదు. ఆ దారి పక్క జింకలు, టర్కీ కోళ్లు మనుషులకి ఎప్పుడో అలవాటు పడ్డాయి. జనమంతా అక్కడుంటే లోపలి లోయలకి కాస్త ఊపిరి.

మా కుక్క చాలా బుద్ధిమంతురాలు, ఎవర్నీ ఏమీ అనదు. తీసుకెళ్లొచ్చా?

ప్రిజర్వ్‌ని బట్టి. ఫ్రీమాంట్ ఓల్డర్‌లో, విండీ హిల్‌లో కొన్ని దారుల్లో ఆరడుగులు మించని లీష్‌తో తీసుకెళ్లొచ్చు. పల్గస్ రిడ్జ్‌లో ఒక చిన్న భాగంలో లీష్ తీసెయ్యొచ్చు కూడా. రాంచో శాన్ ఆంటోనియో, మాంటే బెల్లో, రష్యన్ రిడ్జ్‌లలో కుక్కలకి అనుమతి లేదు.

మీ కుక్క స్వభావంతో పనిలేదు. బాబ్‌క్యాట్‌కి దాని వాసన చాలు. కొలరాడోలోని బౌల్డర్‌లో చేసిన పరిశోధనలో కుక్కలున్న ట్రెయిళ్ల దగ్గర జింకలు కనీసం 100 మీటర్ల మేర దూరంగా మెలిగాయని, కుక్కలు లేని దారుల దగ్గర ఆ దూరం 50 మీటర్లేనని తేలింది. అయితే ఉత్తర కాలిఫోర్నియాలో చూసినప్పుడు కుక్కల రూల్ ఎలా ఉన్నా మాంసాహారుల సంఖ్యలో తేడా కనబడలేదు, మనుషుల సంఖ్యే లెక్కకొచ్చింది. కాబట్టి పాపమంతా కుక్కల నెత్తిన రుద్దడం న్యాయం కాదు. మలం ఎత్తి సంచిలో కట్టి, ఆ సంచిని దారి పక్కన పెట్టి "వచ్చేటప్పుడు తీసుకుంటా" అనుకునే అలవాటు మాత్రం మానాలి. తిరిగొచ్చేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

కార్తీకమాసం వనభోజనాలు అడవిలో పెట్టుకుంటే బాగుంటుంది కదా?

బాగుంటుంది, కానీ ప్రిజర్వ్ దానికి చోటు కాదు. పెద్ద గుంపుకి ముందుగా పర్మిట్ కావాలి, స్పీకర్లలో పాటలు కుదరవు, కూర్చుని తినడానికి బల్లలూ ఉండవు. నిప్పు అసలే పనికిరాదు, ఉసిరి దీపమైనా సరే. 2020 ఆగస్టులో పిడుగులకి అంటుకున్న, సీజెడ్‌యూ అని పేరు పెట్టిన మంటలు శాంటా క్రూజ్ కొండల్లో 86 వేల ఎకరాలకి పైగా తినేశాయి. ఇక్కడ నవంబరులో కూడా గడ్డి ఎండిపోయి ఉండొచ్చు. కౌంటీ పార్కుల్లో, సిటీ పార్కుల్లో పిక్నిక్ ఏరియా రిజర్వ్ చేసుకోండి. పంక్తి భోజనాలు, అంత్యాక్షరి అన్నీ నిశ్చింతగా కానివ్వచ్చు.

బయటివాళ్లని రానివ్వకపోతే జంతువులకి మేలే కదా? పాలో ఆల్టో వాళ్లు అలాగే చేసేవాళ్లట.

చేశారు. 1960లలో తెరిచిన ఫుట్‌హిల్స్ పార్కులోకి దశాబ్దాల పాటు పాలో ఆల్టో నివాసులకి, వాళ్లతో వచ్చే అతిథులకి మాత్రమే ప్రవేశం. పక్క ఊరివాడు అడుగుపెడితే శిక్షపడే నేరం. పౌరహక్కుల సంఘాలు కోర్టుకెక్కాక 2020 డిసెంబరులో ఆ గేటు అందరికీ తెరుచుకుంది. మొదట్లో జనం పోటెత్తారు. వెంటనే ఊరు రెండు పనులు చేసింది: కారుకి ప్రవేశ రుసుము పెట్టింది, ఒకేసారి లోపల ఉండే జనానికి పరిమితి పెట్టింది.

జంతువుకి కావలసింది ఆ పరిమితే. లోపలున్నవాడి ఇంటి అడ్రసు ఏ ఊరిదన్నది జింకకి పట్టదు. ఎంతమంది, ఏ వేళకి, ఏ దారిలో అన్నదే పడుతుంది. అడ్రసు చూసి ఆపేది వన్యప్రాణి సంరక్షణ కాదు, ఇరుగుపొరుగుని దూరం పెట్టడం. ఆ రెండూ కలిపి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ తారసపడుతుంటారు.

## ట్రెయిల్ మీద

బూట్లకి బురద అంటకుండా దారి పక్క గడ్డిలోంచి నడిస్తే ఏమవుతుంది?

దారి వెడల్పవుతుంది. ఈసారి మీరు పక్కకి తొక్కింది వచ్చే వానకి బురదవుతుంది, తర్వాత వచ్చినవాళ్లు ఇంకో అడుగు పక్కకి వెళ్తారు. బురద ఉంటే మధ్యలోంచే నడవండి. అంత చిరాకైతే ఆ రోజు మానెయ్యండి. పెద్ద వానల తర్వాత కొన్ని ట్రెయిళ్లని సైకిళ్లకీ గుర్రాలకీ మూసేది కూడా ఇందుకే. చక్రాలు కోసిన మట్టి వాగులోకి దిగితే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే స్టీల్‌హెడ్ చేపల గుడ్లకి ఊపిరాడదు.

మిషన్ పీక్ మీద అందరూ అడ్డదారిలోనే ఎక్కుతారు. మేమెక్కితే తప్పా?

2,517 అడుగుల ఆ కొండ ఎక్కి, పైన స్తంభం పట్టుకుని ఫోటో దిగని తెలుగు కుటుంబం ఫ్రీమాంట్‌లో తక్కువే. దూరం తగ్గుతుందని నిటారుగా తొక్కిన దారుల్లో గడ్డి చచ్చి, వానాకాలం నీళ్లు అదే గాడిలో దిగి, గాడి కాస్తా గండి అయింది. ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్ట్ అక్కడ కంచెలు వేసి గడ్డి మళ్లీ మొలిపించడానికి ఖర్చు పెడుతూనే ఉంది. కంచె దాటి వెళ్లే జనానికీ కొదవలేదు. మెలికలు తిరిగిన దారిని మీకు ఆయాసం రావాలని వెయ్యలేదు, నీళ్లు నెమ్మదిగా దిగాలని వేశారు. అందరూ ఎక్కుతున్నారన్నదే అక్కడి సమస్య.

నాలుగు పులిహోర మెతుకులు పడితే పక్షులు తింటాయి, మంచిదే కదా?

ఏ పక్షులు తింటాయన్నదే చిక్కు. శాంటా క్రూజ్ కొండల్లోని రెడ్‌వుడ్ అడవుల్లో మార్బుల్డ్ మరెలెట్ అనే చిన్న సముద్రపు పక్షి ఉంది. బతుకంతా సముద్రం మీదే. గుడ్డు పెట్టడానికి మాత్రం మసకచీకట్లో లోపలికి ఎగిరొచ్చి, ముసలి రెడ్‌వుడ్ కొమ్మ మీద నాచులో పెడుతుంది. గూడు కట్టదు. పెట్టేది ఒకే గుడ్డు. 1974లో బిగ్ బేసిన్‌లో చెట్టెక్కి కొమ్మలు కొట్టే ఒక పనివాడు చూసేదాకా అది ఎక్కడ గుడ్డు పెడుతుందో శాస్త్రవేత్తలకే తెలియదు. 1992 నుంచి అది రక్షిత జాతి.

ఆ గుడ్డుకి శత్రువులు నీలిరంగు స్టెల్లర్స్ జే పిట్టలు, బొంతకాకులు. ఇవి తెలివైనవి, తిండి దొరికే చోటు మరిచిపోవు. పిక్నిక్ బల్ల కింద పులిహోర మెతుకులు, చిప్స్ ముక్కలు దొరికితే అక్కడే మకాం వేసి, పిల్లల్ని పెంచి, సంఖ్య పెంచుకుంటాయి. తిండి వెతుకుతూ కొమ్మ కొమ్మా గాలిస్తుంటే మరెలెట్ గుడ్డు కంటపడుతుంది. మెతుకు వేసినవాళ్లకి ఆ గుడ్డు సంగతి ఎప్పటికీ తెలియదు. అందుకే స్టేట్ పార్కుల వాళ్లు బిగ్ బేసిన్, బుటానో, పోర్టోలా రెడ్‌వుడ్స్‌లలో "ఒక్క మెతుకు కూడా కింద వదలొద్దు" అని ప్రచారం చేస్తున్నారు. అరటి తొక్క, నారింజ తొక్క మట్టిలో కలిసిపోతాయి కదా అనే వాదనకీ జవాబు ఇదే. కలిసేలోపే ఎవరో ఒకరు తింటారు. జిప్ సంచి ఒకటి దగ్గర పెట్టుకోండి.

బిర్యానీ ఆకు చెట్టు కనిపించింది! నాలుగు ఆకులు కోసుకోవచ్చా?

మీరు చూసింది కాలిఫోర్నియా బే లారెల్. నలిపితే ఘాటు ముక్కుకి కొడుతుంది, కొట్లో దొరికే ఆకు కంటే చాలా ఎక్కువ. కొయ్యకూడదు, రెండు కారణాలు. ప్రిజర్వ్‌లో ఆకైనా, పుట్టగొడుగైనా, ఈకైనా తీసుకెళ్లడం నిషేధం. ఇక రెండోది అసలైనది. ఇక్కడి ఓక్ చెట్లని ఉన్నట్టుండి చంపేసే సడన్ ఓక్ డెత్ అనే తెగులు బే లారెల్ ఆకుల మీద బాగా పెరుగుతుంది. ఆకు కొసన గోధుమరంగు మచ్చ తప్ప ఆ చెట్టుకేమీ కాదు. తడిలో ఆ మచ్చ నుంచి రాలిన బీజాలు పక్కనున్న టాన్ ఓక్ మీద, కోస్ట్ లైవ్ ఓక్ మీద పడితే అవి చస్తాయి. ఓక్ పోతే దాని కాయల మీద బతికే జింక, ఉడుత, వడ్రంగిపిట్ట అన్నిటికీ తిండి పోతుంది.

ఆ తెగులు బూటుకి అంటిన బురదలోనూ ప్రయాణం చేస్తుంది. వానాకాలంలో ఒక ప్రిజర్వ్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు బూట్ల అడుగు, సైకిల్ టైర్లు బ్రష్‌తో రుద్ది కడగండి. బిర్యానీకి కొట్లో కొన్న ఆకే క్షేమం.

ట్రెయిల్ పక్కన పుల్లల కుప్పలున్నాయి. పిల్లలు కర్రతో పొడుస్తున్నారు, ఏం కాదు కదా?

అది ఎవరో పోగేసిన పుల్లలు కావు, ఇల్లు. డస్కీ ఫుటెడ్ వుడ్‌ర్యాట్ అనే అడవి ఎలుక కట్టుకున్నది. మనిషి నడుమెత్తు దాకా లేస్తుంది. లోపల పడకకి ఒక గది, కాయలు దాచడానికి వేరే గదులు. ఒకటి పోతే దాని సంతానంలో ఇంకొకటి వచ్చి మరమ్మతు చేసుకుని ఉంటుంది, అలా తరాలపాటు నిలుస్తుంది. ఆ ఇంట్లోనే కప్పలు, బల్లులు, పురుగులు అద్దె లేకుండా కాపురం ఉంటాయి. కొత్త ట్రెయిల్ వేసేటప్పుడు జీవశాస్త్రవేత్తలు ముందుగా నడిచి ఈ కుప్పలకి గుర్తులు పెడతారు, దారిని వాటికి దూరంగా తిప్పుతారు. కారణం లేకుండా దారి వంకర తిరిగినట్టు అనిపిస్తే అటూ ఇటూ చూడండి, ఒక కుప్ప కనబడొచ్చు. పిల్లలకి ఇంత చెబితే కర్ర వాళ్లే పడేస్తారు.

వన్యప్రాణులని కాపాడతాం అంటూ ఆవులని మేపుతారేంటి?

వింతగానే ఉంటుంది. ఇక్కడి గడ్డినేలలని యూరప్ నుంచి వచ్చిన గడ్డి కమ్మేసింది. ఏటా మొలిచి, ఎండి, దట్టమైన చాపలా పడి ఉంటుంది, దాని కింద స్థానిక పూలమొక్కలు మొలవలేవు. ఆవులు దాన్ని మేస్తే మొక్కకి వెలుతురు, వేసవిలో మంటకి మేత తక్కువ. పశువుల కోసం తవ్విన చెరువులు ఇప్పుడు రక్షిత జాతి అయిన ఎర్రకాళ్ల కప్పకి నిలయాలు. కాబట్టి మంద దారికి అడ్డంగా ఉంటే తొందరపెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్లండి, ఆవుకీ దూడకీ మధ్యలోకి వెళ్లకండి. తెరిచిన గేటు వెంటనే మూసెయ్యండి.

ఈ-బైక్, డ్రోన్?

మిడ్‌పెన్ మట్టి ట్రెయిళ్ల మీద ఈ-బైక్‌కి అనుమతి లేదు. నడవలేనివాళ్లు వాడే మొబిలిటీ పరికరాలకి నియమాలు వేరు. మామూలు సైకిళ్లకి కూడా వేగం గంటకి 15 మైళ్లు, మనుషుల్ని దాటేటప్పుడు 5 మైళ్లు మించకూడదు. డ్రోన్ పూర్తిగా నిషేధం.

గుడ్లగూబ గూడు కనిపించింది. ఫోటో, లొకేషన్ గ్రూపులో పెట్టనా?

ఫోటో పెట్టండి, లొకేషన్ వద్దు. వారం తిరిగేసరికి పది లెన్సులు ఆ చెట్టు కింద చేరతాయి, తల్లి గూటికి రావడం తగ్గిస్తుంది. ఐనేచురలిస్ట్ లాంటి యాప్ ముప్పున్న జాతుల లొకేషన్‌ని దానంతటదే మసకబారుస్తుంది, వాట్సాప్ ఆ పని చెయ్యదు. ఫోన్‌లో పక్షి కూత పెట్టి దాన్ని పిలవడం కూడా మానండి. తన చోటులోకి పరాయి పక్షి వచ్చిందనుకుని గుడ్లు వదిలి పోట్లాటకి వస్తుంది. మనకది సరదా, దానికి పూర్తి టెన్షన్.

పౌర్ణమి రాత్రి కొండ మీద వెన్నెల చూడాలని ఉంది. చీకటి పడగానే ఎందుకు పంపేస్తారు?

మిడ్‌పెన్ ప్రిజర్వులు సూర్యోదయానికి అరగంట ముందు తెరిచి, సూర్యాస్తమయం తర్వాత అరగంటకి మూసేస్తారు. పగలంతా మనం తిరుగుతుంటే జంతువులు తమ పనులు రాత్రికి వాయిదా వేసుకుంటున్నాయి. ప్రపంచవ్యాప్తంగా 62 జాతుల క్షీరదాల మీద జరిగిన 76 అధ్యయనాలని కలిపి చూస్తే, మనుషులున్నచోట రాత్రి సంచారం సగటున 1.36 రెట్లయిందని 2018లో తేల్చారు. పగలు సగం, రాత్రి సగం తిరిగే జంతువు రాత్రికి 68 శాతం తిరుగుతోందన్నమాట. ఆ రాత్రి కూడా మనం హెడ్‌ల్యాంపులు పెట్టుకుని వెళ్తే వాటికి ఇంకెప్పుడు?

చట్టబద్ధంగా రాత్రి గడపాలంటే మాంటే బెల్లో ప్రిజర్వ్‌లో బ్లాక్ మౌంటెన్ క్యాంపు ఉంది. ముందుగా పర్మిట్ తీసుకోవాలి, నడిచి వెళ్లాలి, క్యాంప్‌ఫైర్ ఉండదు. అక్కడి నుంచి వెన్నెల బ్రహ్మాండంగా ఉంటుంది.

## జంతువు ఎదురైతే

మౌంటెన్ లయన్ ఉందని బోర్డు పెట్టారు. పిల్లలతో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, పిల్లలు చేతికందే దూరంలో ఉంటే. మౌంటెన్ లయన్ అంటే సింహం కాదు, ప్యూమా అనే పెద్ద పిల్లి. ఈ కొండలన్నీ వాటి తావే. ఎదురైతే పరుగెత్తకూడదు, వంగకూడదు. చిన్నపిల్లల్ని ఎత్తుకుని, చేతులు పైకెత్తి పెద్దగా కనిపిస్తూ, గట్టిగా అరుస్తూ, దాని వైపే చూస్తూ వెనక్కి నడవాలి. మీద పడితే ఎదురు తిరిగి కొట్టాలి. దాడులు చాలా అరుదు, కానీ లేవని చెప్పను. 2020 ఫిబ్రవరిలో రాంచో శాన్ ఆంటోనియోలో ఆరేళ్ల పాప మీద దాడి జరిగింది, స్వల్ప గాయాలతో బయటపడింది. 2024 మార్చిలో ఎల్డొరాడో కౌంటీలో ఒక యువకుడు చనిపోయాడు. రాష్ట్రంలో అలాంటి మరణం అంతకుముందు 2004లో.

మనకి దానంటే ఎంత భయమో, దానికి మనమంటే అంతకంటే ఎక్కువ. శాంటా క్రూజ్ కొండల్లో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మౌంటెన్ లయన్ జింకని చంపి తింటున్నచోట స్పీకర్ దాచి, దాని అలికిడికి అదే మోగేలా పెట్టారు. కొన్నిసార్లు కప్పల బెకబెకలు, కొన్నిసార్లు రేడియోలో మనుషుల మాటలు. మనిషి గొంతు వినగానే 83 శాతం సార్లు అది తిండి వదిలి పారిపోయింది. తిరిగొచ్చినా తినే సమయం సగానికి పైగా తగ్గింది. కప్పలకి దాదాపు చలించలేదు. తిండి సగంలో వదిలేస్తే ఆకలి తీరదు కాబట్టి మళ్లీ వేటాడాలి. ఇదే బృందం లెక్క ప్రకారం, ఇళ్లు ఎక్కువున్న ప్రాంతాల్లో ఆడ లయన్లు 36 శాతం ఎక్కువ జింకల్ని చంపుతున్నాయి. పిల్లల్ని పెంచే తల్లికి అదంతా అదనపు శ్రమ.

గుబురుగా, మలుపులుగా ఉన్న దారిలో మామూలుగా మాట్లాడుకుంటూ నడవండి, అది ముందే తప్పుకుంటుంది. అలాగని స్పీకర్ పెట్టుకుని ఊరంతా వినబడేలా పాటలు పెడితే అరమైలు మేర అన్నిటినీ తరిమినట్టే.

రాటిల్‌స్నేక్ దారికి అడ్డంగా పడుకుంది. రాయి వేస్తే పోతుందా?

వద్దు. కాట్లలో చాలా భాగం పామును కదిలించినప్పుడే పడతాయి. దూరంగా ఆగి, అది వెళ్లేదాకా చూడండి, లేదా వెనక్కి రండి. కాటు పడితే 911కి ఫోన్ చేసి, కదలకుండా కూర్చోబెట్టండి. కొయ్యడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏవీ చెయ్యొద్దు.

వానలో నారింజరంగు పొట్ట ఉన్న బల్లిలాంటిది నడుస్తోంది. పాప చేత్తో పట్టుకుంది!

అది న్యూట్. చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది, పఫర్ చేపలో ఉండే విషమే. నెమ్మదిగా కింద వదిలించి, పాప చేతులు సబ్బుతో కడిగించండి. అప్పటిదాకా చెయ్యి నోట్లో, కంట్లో పెట్టుకోకుండా చూడండి.

వీటి అసలు కష్టం కారు చక్రం కింద. లాస్ గాటోస్ పైన లెక్సింగ్టన్ రిజర్వాయర్ పక్కన ఆల్మా బ్రిడ్జ్ రోడ్ ఉంది. తొలి వానలు పడగానే న్యూట్లు కొండ దిగి, ఆ రోడ్డు దాటి, నీళ్లలో గుడ్లు పెట్టడానికి వెళ్తాయి. అదే రోడ్డు మీద సియెర్రా అజుల్ ప్రిజర్వ్ ట్రెయిళ్ల పార్కింగ్. 2017 నుంచి వాలంటీర్లు చచ్చినవాటిని లెక్కపెడుతుంటే ఏటా వేలల్లో తేలుతున్నాయి. ప్రకృతిని ప్రేమించి కొండకి వెళ్లేవాళ్ల కార్లు కూడా అందులో ఉన్నాయి. ఈస్ట్ బేలో ఇలాంటి ఇబ్బందికే టిల్డెన్ పార్కులోని సౌత్ పార్క్ డ్రైవ్‌ని ఏటా నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా బళ్లకి మూసేస్తారు. ఆల్మా బ్రిడ్జ్ రోడ్డుని అలా మూసెయ్యడం తేలిక కాదు, దాని మీద కాపురముండేవాళ్లున్నారు. వాన పడే సాయంత్రాల్లో ఆ వైపు వెళ్లకుండా ఇంకో ట్రెయిల్ చూసుకోవడం మన చేతుల్లో ఉన్న పని.

జింకపిల్ల ఒంటరిగా గడ్డిలో పడుకుని ఉంది. తల్లి వదిలేసిందా?

లేదు. తల్లి మేతకి వెళ్తూ దాన్ని కదలకుండా ఉండమని దాచింది. మీరు అక్కడుంటే అది రాదు. ముట్టుకోకుండా, నీళ్లు పెట్టకుండా వెళ్లిపోండి. గాయం ఉంటేనే రేంజర్‌కి చెప్పండి.

## తిరిగొచ్చాక

హైవే 17 దాటే జంతువుల కోసం, మనుషుల కోసం వేర్వేరు క్రాసింగులట. రెండూ కలిపి ఒకటే కడితే డబ్బు ఆదా కదా?

ఆదా అవుతుంది, జంతువులు మాత్రం వాడవు. హైవే 17 శాంటా క్రూజ్ కొండల్ని రెండుగా కోసేసింది. కొన్నేళ్లపాటు చర్చలు, చందాలు నడిచాక లారెల్ కర్వ్ దగ్గర రోడ్డు కింద జంతువుల దారి 2022 చివరికి పూర్తయింది. ఇంకా ఉత్తరాన, లెక్సింగ్టన్ రిజర్వాయర్ వైపు, మిడ్‌పెన్ ప్రణాళికలో జంతువులకి రోడ్డు కింద ఒకటి, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ రోడ్డు పైన ఇంకొకటి ఉన్నాయి. మనిషి గొంతు వింటే ఆకలి చంపుకుని పారిపోయే లయన్, పగలంతా జనం నడిచే సొరంగంలోకి రాత్రి వస్తుందని ఆశపడలేం. ఖర్చు ఎక్కువైనా ఇది సరైన ఖర్చు.

ఒక ట్రెయిల్ తెరవాలనో, మూసెయ్యాలనో మా అభిప్రాయం చెప్పాలంటే?

మిడ్‌పెన్‌కి ఏడు వార్డుల నుంచి ఓటర్లు ఎన్నుకున్న ఏడుగురు సభ్యుల బోర్డు ఉంది. సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, పౌరసత్వంతో, వీసాతో సంబంధం లేకుండా ఎవరైనా మాట్లాడొచ్చు, లేదా రాసి పంపొచ్చు. కొత్త ట్రెయిల్ ప్లాన్ మీద పర్యావరణ నివేదిక వచ్చినప్పుడు వ్యాఖ్యలకి గడువు ఇస్తారు, అప్పుడు చెప్పిన మాటకి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. దారి వేసేశాక చెప్పేదానికంటే దానికి బలం ఎక్కువ. ఈ సమావేశాల్లో సైకిళ్లవాళ్లు, గుర్రాలవాళ్లు, కుక్కలవాళ్లు క్రమం తప్పకుండా కనిపిస్తారు. ట్రెయిళ్ల మీద ఇంతమందిమి ఉండి కూడా మనవాళ్లు అక్కడ అరుదు.

మాటలు కాదు, చేతిపని కావాలంటే ఫ్రెంచ్ బ్రూమ్ అనే పసుపు పూల కలుపుమొక్క పీకే వాలంటీర్ రోజులుంటాయి. గ్లోవ్స్, పనిముట్లు వాళ్లే ఇస్తారు, పొడుగు చేతుల చొక్కా మాత్రం మీరే తెచ్చుకోండి, తాకితే దురద, దద్దుర్లు తెప్పించే పాయిజన్ ఓక్ ఉంటుంది.